ఒకే చేతిలో రెండు వణుకులు

మన పత్రికలో మామూలుగా నూలు ధరలు, రంగుల సంగతులు, సొసైటీలకు రావలసిన బకాయిలు, యివే వ్రాస్తూ వుంటాము. జబ్బుల సంగతి డాక్టర్లు వ్రాయవలసినదే గాని సొసైటీ సెక్రటరీకి యెందుకని చదువరులు అడుగవచ్చు. అడుగుట న్యాయమే. అయితే మన యిళ్ళలో చేయి వణికితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. చేతిని గురించిన మాట మన వృత్తిని గురించిన మాటే. అందులోను యిప్పుడు మేము చెప్పబోయే చిక్కును యింటివారు ఒక విధంగాను, కొందరు డాక్టర్లు మరొక విధంగాను పొరపాటుగా అర్థం చేసికొని, మధ్యనున్న రోగిని నలిపివేస్తున్నారు. కనుక తెలుసుకొన్నంత మట్టుకు వ్రాస్తున్నాము.

చిక్కు యిది. ఒక మనిషికి పార్కిన్సన్ జబ్బో, మూర్ఛో, పక్షవాతమో నిజంగానే వుంటుంది. పరీక్షల్లో తేలినదే. కొన్నాళ్ళకు ఆ జబ్బుకు చెందని వణుకు, కాలు పడిపోవడం, ఒళ్ళు కుదుపులు వంటివి దానిపైన వచ్చి చేరుతాయి. యీ రెండవదానికి డాక్టర్లు ఫంక్షనల్ రుగ్మత అని పేరు పెట్టారు. మెదడు, నరాలు చెడిపోకుండానే అవి పనిచేసే తీరు తప్పడం అని దాని భావం. మగ్గంలో ఒక్క కొయ్య విరుగలేదు, పన్నె వంగలేదు, అయినా తొక్కుడు వరుస తప్పి గుడ్డలో తప్పు పడుతున్నది, అటువంటిది. మరి అదే మగ్గానికి ఒక కొయ్య కూడా నిజంగా చీలి వున్నదనుకోండి. అప్పుడు తప్పు యెక్కడినుంచి వస్తున్నదో చెప్పడం చేయి తిరిగిన నేతగాడికి కూడా కష్టమే. చీలిన కొయ్య కనబడింది గనుక తప్పంతా దానిదే అంటాడు ఒకడు. వరుస తప్పింది గనుక కొయ్య చీలనే లేదంటాడు యింకొకడు. యిద్దరూ సగం మగ్గమే చూశారు.

మా సంఘంలో కండెలు చుట్టే ఒక సభ్యురాలి సంగతి చెబుతాము. వ్రాయడానికి ఆమె, ఆమె భర్త ఒప్పుకున్నారు; పేరు మాత్రం వద్దన్నారు.

ఆమెకు యాభై దాటిన తర్వాత కుడిచేయి వణకడం మొదలయింది. చేయి ఒడిలో పెట్టుకొని వూరికే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలిపినట్లు ఆడేవి. పోగు పట్టుకోబోతే ఆ వణుకు తగ్గేది. అడుగులు చిన్నవయ్యాయి, మాట మెత్తబడింది, ముఖంలో నవ్వు తగ్గింది. పార్కిన్సన్ అని తేల్చి మాత్రలు యిచ్చారు. నాలుగేళ్ళు బాగానే గడిచాయి. అయిదవ యేట వానాకాలంలో వాకిట జారిపడింది. యెముకలేవీ విరుగలేదు. ఆ మరునాటినుంచే కుడికాలు వున్నట్టుండి మడతపడడం, కుడిచేయి పెద్ద పెద్ద వూపులుగా కొట్టుకోవడం మొదలు. యిది మునుపటి వణుకు కాదు. పావుగంట వుండేది, ఆగేది, మళ్ళీ వచ్చేది. మనవరాలిని యెత్తుకున్నప్పుడు రాదు.

జబ్బు ముదిరిందని యింటివారు అనుకున్నారు. అట్లా అనుకోవడం సహజం. మాత్ర ఒకటి పెంచారు, మరొకటి పెంచారు. దగ్గరి ఆసుపత్రిలో కూడా పెంచమనే అన్నారు. మూడు మాత్రలు ఆరయ్యాయి. వూపులు తగ్గలేదు సరిగదా, ఒళ్ళు పాములాగ మెలికలు తిరగడం, కడుపులో వికారం, రాత్రిళ్ళు గదిలో లేని మనుషులు కనబడడం వచ్చాయి. యివన్నీ మందు యెక్కువయితే వచ్చేవే.

అప్పుడు మరొక ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చూస్తుండగానే వూపు మొదలయింది. ఆయన యేదో అడిగి మాటల్లో పెట్టగానే ఆగిపోయింది. ఆయన కన్నడంలో అన్న మాటను, వెంట వెళ్ళిన తొమ్మిదో తరగతి పిల్లవాడు తెలుగులో చెప్పినది యిది: "నీకు జబ్బేం లేదంట నాయనమ్మా, వూరికే చేస్తున్నావంట." డాక్టరు సరిగ్గా ఆ మాటే అన్నారో, పిల్లవాడి నోట అట్లా మారిందో చెప్పలేము. యింటికి రాగానే మాత్రలన్నీ ఒక్కసారిగా ఆపివేశారు. నాలుగు రోజుల్లో ఆమె కొయ్యలాగ బిగిసిపోయి, గంజి కూడా మింగలేని స్థితికి వచ్చింది. పార్కిన్సన్ మాత్రలు హఠాత్తుగా ఆపితే విపరీతమైన జ్వరం, బిగువు వచ్చి ప్రాణం మీదికి కూడా రావచ్చును. ఆమె అంతదాకా పోకుండా బయటపడింది.

"ఆ ఆరు మాత్రలకన్నా ఆ ఒక్క మాట యెక్కువ చెరుపు చేసింది సెక్రటరీగారూ," అని ఆమె భర్త మాతో అన్నారు. కోడలు పలకరించడం మానింది. పొరుగువారు గాలి సోకిందన్నారు. తాయెత్తులకు, దిగదుడుపులకు రెండు నెలల మజూరీ పోయింది.

చివరకు బెంగుళూరులో ఒక నరాల డాక్టరు ఆమెను ముప్పావుగంట సేపు పరీక్షించారు. "అమ్మా, మీకు పార్కిన్సన్ వున్నది. దానిపైన ఫంక్షనల్ వణుకు కూడా వున్నది. రెండూ నిజమే. రెండింటికీ వైద్యం వేరు వేరు," అన్నారు. యీ నాలుగు మాటలు వినడానికి ఆ కుటుంబానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

ఆయన యెట్లా కనిపెట్టారన్నది మన వాళ్ళకు బాగా అర్థమయ్యే విషయం. యెందుకంటే అదంతా తాళం మీద ఆధారపడిన పరీక్ష. కుడిచేయి పెద్దగా వూగుతున్న సమయాన ఎడమచేతి వేళ్ళతో బల్లమీద తాను చూపినట్లు తాళం వేయమన్నారు. మెల్లగా వేయించారు, తర్వాత వేగంగా, మళ్ళీ మెల్లగా. కుడిచేతి వూపు తన వేగం వదిలి ఎడమచేతి తాళంలోకి దిగింది. తాళం మారినప్పుడల్లా అదీ మారింది, మధ్యలో ఒకసారి పూర్తిగా ఆగింది. ఒకే కొట్టంలో రెండు మగ్గాలు నడుస్తుంటే పక్క మగ్గం చప్పుడుకు మన నాడె వేగం తెలియకుండానే కలిసిపోవడం మనం యెరుగుదుము గదా, అట్లాగన్నమాట. పార్కిన్సన్ వణుకు అట్లా కలవదు. సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు తన లెక్కన తాను ఆడుతూనే వుంటుంది, రెండవ చేతి తాళాన్ని లక్ష్యపెట్టదు. ఆమెలో విశేషమేమంటే, పెద్ద వూపు ఆగిన ఆ కాసేపట్లో దాని కింద పాత వణుకు, మాత్ర నలిపే వణుకు, చిన్నగా తన వేగంతో కనబడింది. ఒకే చేతిలో రెండు వణుకులు వున్నవని భర్త కళ్ళారా చూశారు.

కాలికి మరొక పరీక్ష చేశారు. దానిని 1908లో అమెరికాలోని క్లీవ్‌లాండు డాక్టరు హూవర్ ప్రకటించాడు. రోగిని పడుకోబెట్టి, బలంలేని కాలి మడమను పరుపుకు అదిమిపెట్టమంటారు, అదమలేదు. తర్వాత ఆ కాలి సంగతి యెత్తకుండా, బాగున్న కాలిని పైకి యెత్తమని, దానిని చేత్తో అడ్డుతారు. అప్పుడు బలంలేని కాలి మడమ తనంతట తానే పరుపును గట్టిగా నొక్కుతుంది. అంటే కాలిలో బలం వున్నది, దారి వున్నది. "అదుము" అని ఆజ్ఞ యిచ్చినప్పుడు మాత్రం ఆ ఆజ్ఞ అక్కడికి చేరడం లేదు. యీ పరీక్ష రోగిని దొంగగా పట్టుకోవడానికి కాదు. కాలు బాగుపడడానికి వీలున్నదని రోగికే చూపడానికి మంచి డాక్టర్లు యిప్పుడు దానిని వాడుతున్నారు.

యిక్కడ ఒక హెచ్చరిక. యీ పరీక్షలు చదివి యింట్లో పెద్దవాళ్ళమీద ప్రయోగం చేయవద్దు. నలుగురు చూస్తే పెరిగే వణుకల్లా ఫంక్షనల్ కాదు. అసలైన పార్కిన్సన్ వణుకు కూడా కంగారు పడితే, లెక్కలు చేయమంటే, కొత్తవారు వస్తే పెరుగుతుంది. చేయి చాచినప్పుడు, చెంబుతో నీళ్ళు తాగేటప్పుడు వణికే మరొక సాధారణ వణుకు వున్నది, అది చాలా వంశాల్లో తరతరాలుగా వస్తుంది. అదీ కంగారుతో పెరుగుతుంది. తేల్చవలసినది నరాల డాక్టరే. సందేహమున్నచోట మెదడులోని డోపమైన్ నరాల స్థితిని చూపే ప్రత్యేకమైన స్కాను కూడా వున్నది. అది పార్కిన్సన్ వున్నదీ లేనిదీ చెప్పడానికి సాయపడుతుంది గాని, దానిపైన ఫంక్షనల్ రుగ్మత చేరిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు. ఆ జవాబు పరీక్ష చేసే చేతిలోనే వున్నది.

"మాటల్లో పెడితే ఆగిపోయే వణుకు నటన కాక యేమిటండీ?" అని మమ్మల్ని చాలామంది అడిగారు. వారికి మేము చెప్పే ఉదాహరణ మన గుంటలోదే. ముప్పయ్యేళ్ళు నేసిన మనిషిని మగ్గం మధ్యలో ఆపకుండా, "యిప్పుడు యే కాలు తొక్కావు, తర్వాత యే కాలు?" అని అడగండి. తడబడతాడు, పోగులు తెగినా తెగుతాయి. ఆలోచన లేనప్పుడు నడిచిన కాలు, ఆలోచన దానిమీద పడగానే చిక్కుకున్నది. అతను నటించలేదు. ఫంక్షనల్ రుగ్మతలో జరిగేది యించుమించు యిదే, కాని చాలా పెద్ద యెత్తున, మనిషి చేతిలో లేకుండా. ధ్యాస ఆ అంగంమీద బిగుసుకొని, "యిది వణుకుతుంది", "యిది పడిపోతుంది" అన్న యెదురుచూపును మెదడు తానే నిజం చేస్తుంది. 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఫంక్షనల్ వణుకున్న 8 మందిని స్కానులో వుంచి, వణుకు దానంతటది వచ్చినప్పుడు ఒకసారి, అదే వణుకును కావాలని చేసి చూపినప్పుడు మరొకసారి మెదడు చిత్రాలు తీశారు. "యీ కదలిక నేను చేస్తున్నదే" అన్న యెరుకకు సంబంధించిన భాగం, దానంతటది వచ్చిన వణుకులో తక్కువగా పనిచేసింది. 8 మంది అంటే చిన్న లెక్కే. అయినా నటన, ఫంక్షనల్ వణుకు మెదడులో ఒకటి కావని చూపడానికి అది ఒక ఆధారం.

యీ జబ్బుకు పాత పేరు హిస్టీరియా. గ్రీకు భాషలో గర్భసంచికి వున్న పేరునుంచి వచ్చిన మాట అది. ఆడవాళ్ళ జబ్బుగా తోసివేయడం ఆ పేరులోనే వున్నది. పారిస్ నగరంలో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో 19వ శతాబ్దంలో పనిచేసిన షార్కో అనే గొప్ప డాక్టరు, ప్రమాదాల తర్వాత యిటువంటి పక్షవాతం వచ్చిన మగ కూలీలను కూడా చూపి, యిది ఆడవాళ్ళకే పరిమితం కాదన్నాడు. లండనులో జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన వణుకు జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టవలెనన్నదీ యీ షార్కోయే. ఒకే కప్పు కింద ఒకే డాక్టరు రెండు జబ్బులనూ చూశాడు. అయినా ఆయన తరువాతి కాలంలో యీ రెండూ రెండు దారులయ్యాయి. ఒకటి నరాల డాక్టరుకు, ఒకటి మనసు డాక్టరుకు పంచిపెట్టారు. షార్కో శిష్యుడు బాబిన్‌స్కీ 1896లో పాదం అడుగున గీరినప్పుడు బొటనవేలు పైకి లేవడం అనే గుర్తును ప్రకటించాడు. అది నరాల దారి దెబ్బతిన్నదనడానికి గుర్తు. దానితో "యిదా, అదా" అని తేల్చడం సులువయింది. మంచిదే. కాని "యిదీ, అదీ" అన్న సంగతి వెనుకబడింది.

1965లో లండనులో ఇలియట్ స్లేటర్ అనే డాక్టరు మరొక దెబ్బ కొట్టాడు. హిస్టీరియా అని ముద్ర వేసి పంపిన 85 మంది తర్వాత యేమయ్యారో వెదికి చూస్తే, చాలామందిలో అసలైన నరాల జబ్బులు, యితర జబ్బులు బయటపడ్డాయి. డాక్టర్లు భయపడ్డారు. భయపడవలసినదే. అప్పటినుంచి పద్ధతి మారింది. పరీక్షల్లో యేమీ దొరకలేదు గనుక ఫంక్షనల్ అనడం గాక, తాళం పరీక్ష, హూవర్ పరీక్ష లాంటి స్పష్టమైన గుర్తులు కనబడితేనే ఆ మాట అనడం నేర్చుకున్నారు. 2005లో పాత పరిశోధనలన్నిటినీ కూర్చి చూసినప్పుడు, 1970 తర్వాతి కాలంలో యీ నిర్ణయం తప్పిన సందర్భాలు నూటికి సుమారు 4 అని తేలింది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన గ్రంథంలో, మనసుకు తగిలిన దెబ్బ యేదైనా చూపితేనే యీ జబ్బు అన్న నియమాన్ని తీసివేసింది. "నీకేం బాధ వున్నది, చెప్పు" అని మనిషిని వేధించనవసరం లేదన్నమాట. బాధ వుండవచ్చు, లేకపోవచ్చు. మా సభ్యురాలికి జరిగినట్లు వూరికే జారిపడడం చాలు.

యిక జంటగా రావడం యెంత మామూలో చూడండి. మూర్ఛల విషయంలో లెక్కలు బాగా వున్నాయి. 2018లో పలు పరిశోధనలను కలిపి చూసినప్పుడు, ఫంక్షనల్ మూర్ఛలున్న 100 మందిలో సుమారు 22 మందికి అసలైన మూర్ఛ జబ్బు కూడా వున్నది. తిప్పి చూస్తే, మూర్ఛ జబ్బున్న 100 మందిలో సుమారు 12 మందికి ఫంక్షనల్ మూర్ఛలు కూడా వున్నాయి. యివి ఆసుపత్రులకు వచ్చినవారి లెక్కలు. కనుక ఒక్కసారి నటనలాగ కనబడిందని మూర్ఛ మాత్రలు ఆపితే యేమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పార్కిన్సన్ విషయంలో కనిపించినదేమంటే, యిట్టి జంట ఆడవారిలో యెక్కువ. ఫంక్షనల్ లక్షణాలు తరచు పార్కిన్సన్ యెక్కువగా పట్టిన పక్కనే వస్తాయి. ఒక్కొక్కరిలో పార్కిన్సన్ బయటపడక ముందే వస్తాయి. పక్షవాతం, తలనొప్పి మైగ్రేను, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు, వీటితో కూడా రావచ్చు. అసలైన జబ్బు ఒకటి వుండడమే రెండవది రావడానికి ఒక కారణమని డాక్టర్లు చెబుతున్నారు. ఆశ్చర్యమేమున్నది? రోజంతా తన చేతినే చూసుకొంటూ యెప్పుడు వణుకుతుందోనని భయపడే మనిషి ధ్యాస యింకెక్కడ నిలుస్తుంది?

వైద్యం దగ్గరికి వస్తే మాకు అన్నిటికన్నా వింతగా తోచినది ఒకటి వున్నది. పార్కిన్సన్ నడకకు, ఫంక్షనల్ కాలికి కావలసిన సాయం ఒకదానికొకటి యెదురు. పార్కిన్సన్ మనిషి గడప దగ్గర కాళ్ళు నేలకు అంటుకొని నిలిచిపోతే, "యీ గీతమీద అడుగు వెయ్యి" అని నేలమీద సుద్దగీతలు గీస్తారు. అడుగుమీద ధ్యాస పెడితే కదులుతుంది. ఫంక్షనల్ కాలికి ధ్యాసే శత్రువు. కాలి వైపు చూడకుండా, బంతి విసురుతూనో, వూళ్ళ పేర్లు చెబుతూనో, పక్కకు నడిపిస్తేనో మామూలు నడక దానంతట అది బయటికి వస్తుంది. ఒకే మనిషికి రెండూ వుంటే యెవరు యేది చేయించాలి? అందుకే యిది రెండు జబ్బులూ తెలిసిన ఫిజియోథెరపీవారు చేయవలసిన పని. ఫంక్షనల్ నడకకు వెనుకకు నడిపించడం ఒక సాధన. పార్కిన్సన్ వున్నవారు వెనుకకు నడిస్తే పడిపోతారు గనుక పక్కన మనిషి పట్టుకొని వుండనిదే చేయించకూడదు. రెండింటికీ పనికివచ్చేది తాళం. బయటినుంచి వచ్చే చప్పుడుకు అడుగు కలపడం.

మా సభ్యురాలికి మొదట మాత్రలు నెమ్మదిగా తగ్గించి, పార్కిన్సన్‌కు సరిపడా మూడున్నర దగ్గర నిలిపారు. మెలికలు పోయాయి, లేని మనుషులు కనబడడం పోయింది. తర్వాత వ్యాయామం. రాట్నం ముందు కూర్చోబెట్టి, చేతిని చూడవద్దని, చక్రం చప్పుడుకు పాత పాట యేదైనా కూనిరాగం తీయమని నేర్పారు. వూపు వచ్చినప్పుడు దానిని బలవంతంగా ఆపబోక, కావాలని యింకా పెద్దగా వూపి, నెమ్మదిగా తాళం తగ్గించుకొంటూ రావడం నేర్పారు. యిప్పుడు మునుపటిలో సగం కండెలు చుడుతున్నది. పార్కిన్సన్ వణుకు వున్నది, అది వుంటుంది. పెద్ద వూపులు వారానికి ఒకటి రెండుసార్లు వస్తాయి, వచ్చినా యిల్లు హడలిపోవడం లేదు.

అందరికీ యింత మేలు జరుగుతుందని మేము చెప్పము. యిటువంటి వ్యాయామం మీద బ్రిటనులో 355 మందితో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. శరీరశక్తి కొలిచే ప్రశ్నల లెక్కలో మామూలు వ్యాయామానికి, యీ ప్రత్యేక వ్యాయామానికి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కాని ప్రత్యేక వ్యాయామం చేసినవారిలో "నాకు మెరుగయింది" అన్నవారు యెక్కువ. రెండు మాటలూ చెప్పడమే ధర్మం. భయం, దిగులు, నిద్రలేమి కూడా వుంటే మాటలతో చేసే వైద్యం తోడు కావాలి. మనసు డాక్టరు దగ్గరికి పంపితే పిచ్చి అని ముద్ర వేశారనుకోవడం మానాలి. దిగులు పార్కిన్సన్ జబ్బులో చాలా మామూలు. ఆ దిగులుకు మందు వున్నది.

దూలగొండి గింజల పొడి గురించి కూడా చెప్పవలసి వున్నది, యెందుకంటే మన పెద్దలు వాడుతున్నారు. అది వట్టి నాటుమందని తీసిపారవేయరానిది. దూలగొండి గింజల్లో లెవోడోపా అనే పదార్థం వున్నదని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన దేశపు శాస్త్రవేత్తలు ప్రకటించారు. పార్కిన్సన్ మాత్రల్లో వుండేదీ అదే. చిక్కు అక్కడే వున్నది. మాత్ర మింగుతూ పొడి కూడా తింటే మందు రెండింతలవుతుంది, పొడిలో యెంత వున్నదో కొలత తెలియదు. అంతేగాక ఫంక్షనల్ వణుకుకు యీ మందుతో పని లేదు. పొడి వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మన సంగతికి ప్రత్యేకమైన కష్టం భాష. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ప్రాంతాల్లో తరాలుగా వుంటున్నా మన ముసలివారు నొప్పిని తెలుగులోనే చెప్పుకుంటారు. "తిమ్మిరి", "గుంజడం", "లాగడం", "జివ్వుమనడం", వీటిని బడికి పోయే పిల్లవాడు యే భాషలో చెబుతాడు? తల్లితండ్రుల పని పోతుందని పిల్లలను తోడు పంపడం మన అలవాటు. యీ జబ్బులో అది పనికిరాదు. "ఫంక్షనల్" అన్న మాట పిల్లవాడి నోట "నటన" అవుతుంది, "నటన" యింట్లో నిప్పవుతుంది. రెండు భాషలూ తెలిసిన పెద్దమనిషి ఒకరు వెళ్ళాలి. ఆ రోజు మజూరీ పోతే సొసైటీ పొదుపు నిధినుంచి యిప్పించడానికి మా కార్యవర్గం తీర్మానించింది. తక్కిన సొసైటీలు కూడా ఆలోచించవలెనని కోరుతున్నాము.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు వణుకు వచ్చిన సమయాన సెల్‌ఫోనుతో తీసిన బొమ్మలు వెంట వుంచుకోండి. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు అది రావచ్చు, రాకపోవచ్చు. మాట్లాడుతున్నప్పుడు, పని చేస్తున్నప్పుడు, వూరికే వున్నప్పుడు, మూడు విధాలా తీయండి. నిద్రలో యెట్లా వున్నదీ చూసి చెప్పండి. మాత్ర యెన్ని గంటలకు వేశారు, యెన్ని గంటలకు వణుకు వచ్చింది, ఒక వారం రోజులు వ్రాయండి. మాత్ర వేసిన గంటకు తగ్గి, మళ్ళీ వేళకు పెరిగేది ఒకటి. మాత్ర వేళతో సంబంధం లేకుండా వచ్చేది మరొకటి. యీ రెండూ కాగితంమీద విడివిడిగా కనబడితే డాక్టరు పని సగం తేలిక. లెవోడోపా మాత్ర భోజనానికి అరగంట ముందు వేయమంటారు, పప్పు, మాంసం వంటివి దాని పనిని అడ్డగిస్తాయి గనుక. ఆ వేళ కూడా వ్రాయండి. డాక్టరు చెప్పనిదే యే మాత్రా పెంచవద్దు, యే మాత్రా ఆపవద్దు.

యింట్లో వారికి ఒక మాట. వూపు వచ్చినప్పుడు చుట్టూ మూగవద్దు, తిట్టవద్దు, కాళ్ళు పిసుకుతూ కూర్చోవద్దు. పడకుండా చూసి, వేరే సంగతి మాట్లాడండి. చేయగలిగిన పని చేయనివ్వండి. మంచం మీద కూర్చోబెట్టి అన్నీ అందించడం ప్రేమే గాని, ఆ కాలికి మంచిది కాదు. యింటివారికే దిగులుగా వుంటే 14416 అనే టెలి మానస్ నంబరుకు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన యీ సేవ వుచితం, తెలుగులో కూడా మాట్లాడుతారు. అది మనసు బాధలకు సలహా యిచ్చే సేవ గాని, వణుకును తేల్చే సేవ కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల పట్టికలో పార్కిన్సన్ జబ్బు పేరు వున్నది. ఫంక్షనల్ రుగ్మత పేరు పెట్టి లేదు. రెండూ వున్నవారు సర్టిఫికెట్టుకు పోయినప్పుడు, "ఫంక్షనల్" అన్న ఒక్క మాట చూసి వెనక్కు పంపే ప్రమాదం వున్నది. కనుక డాక్టరు చీటీలో రెండు జబ్బుల పేర్లూ వేరువేరుగా, పార్కిన్సన్ యే సంవత్సరంలో నిర్ణయమయినదో ఆ తేదీతో సహా వ్రాయించుకోండి. మాత్రల వేళలు, వణుకు వచ్చిన వేళలు వ్రాసుకొనే కాగితం ఒకటి తెలుగులోను, కన్నడంలోను పక్కపక్కన అచ్చువేయించి మా సొసైటీ ఆఫీసులో వుంచాము. తమిళ, ఒడియా, మరాఠీ అచ్చు కావలసిన సంఘాలవారు ఆ భాషలో వ్రాయగలవారి చేత వ్రాయించి పంపితే, మన పత్రిక తరఫున అదే నమూనాలో అచ్చువేయించి పంపగలము.